ఇంతకీ అది ఏ బ్యాటరీ?

కారులో బ్యాటరీ ఒక్కటే ఉంటుందన్న నమ్మకం దగ్గరే చిక్కు మొదలవుతుంది. ఆకుపచ్చ నంబరు ప్లేటున్న ఎలక్ట్రిక్ కారు బానెట్ ఎత్తి చూడండి. చాలావాటిలో పెట్రోలు కారులో ఉన్నట్టే ఓ పన్నెండు వోల్టుల సీసం బ్యాటరీ కూర్చుని ఉంటుంది. చక్రాలు తిప్పేది అది కాదు. తిప్పేది సీట్ల అడుగున, నేలబారుగా పరుచుకుని ఉంటుంది. అయితే ఈ చిన్నది చచ్చిపోతే పెద్దది నిండుగా ఉన్నా బండి కదలదు. పెద్ద ప్యాకును మోటారుకు కలిపే రిలేలు మూసుకోవాలన్నా, డాష్‌బోర్డు వెలగాలన్నా కావలసిన కరెంటు చిన్నదాని నుంచే రావాలి. మూడొందల కిలోమీటర్లకు సరిపడా ఛార్జి కడుపులో పెట్టుకుని కూడా పార్కింగులోంచి బయటికి రాని ఎలక్ట్రిక్ కార్ల గొడవ తరచూ ఇదే.

కాబట్టి ‘నా కారులో ఏ బ్యాటరీ ఉంది’ అని అడిగినవారిని ముందు మనం అడగాల్సింది, ఏ పని చేసే బ్యాటరీ అని. సెల్ఫ్ కొట్టేదా, బండిని లాగేదా? సెల్ఫ్ మోటారుకు రెండు మూడు సెకన్లపాటు వందల ఆంపియర్లు కావాలి, ఆ తర్వాత ఏమీ అక్కర్లేదు. బండిని లాగే దానికి గంటల తరబడి నిలకడగా ఇచ్చే ఓపిక కావాలి. మొదటి పనికి పలచటి ప్లేట్లు ఎక్కువగా పేరుస్తారు. రెండో పనికి రసాయనాన్నే మార్చుకుంటూ వచ్చారు.

ఆ రసాయనాన్ని పెట్టె విప్పకుండా కనిపెట్టడానికి భౌతికశాస్త్రం మనకు ఒక దారి ఇచ్చింది. సెల్ వోల్టేజీ దాని పరిమాణాన్ని బట్టి ఉండదు, అందులో ఏ పదార్థాలు ఎదురెదురుగా ఉన్నాయన్న దాన్ని బట్టే ఉంటుంది. సీసం పలకనూ సీసం డయాక్సైడ్ పలకనూ సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ముంచితే దాదాపు 2.1 వోల్టులు వస్తాయి. అగ్గిపెట్టెంత చేసినా అంతే, బీరువా అంత చేసినా అంతే. ప్లేట్ల విస్తీర్ణం పెంచితే కరెంటు పెరుగుతుంది, మందం పెంచితే ఓపిక పెరుగుతుంది, వోల్టేజీ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ 1.2 వోల్టులు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 3.2. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిపిన లిథియం సెల్ 3.6, 3.7 మధ్య. ఒక్కో రసాయనానికి ఒక్కో అంకె. మొత్తం వోల్టేజీ, వరసగా కలిపిన సెల్స్ సంఖ్య తెలిస్తే భాగహారం చేసి లోపల ఏముందో చెప్పొచ్చు.

పెట్రోలు, డీజిలు కార్ల దగ్గర ఈ భాగహారం సులువు. ఆరు సెల్స్, ఒక్కోటి 2.1, వెరసి 12.6. బండి ఆపి రాత్రంతా వదిలేసి, పొద్దున్నే సెల్ఫ్ కొట్టకముందు మల్టీమీటరు పెడితే, నిండుగా ఉన్న మామూలు సీసం బ్యాటరీ 12.6, 12.7 చూపిస్తుంది. అదే 13.2, 13.3 చూపిస్తే అది సీసం కాదు, నాలుగు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్. ఇంజన్ తిరుగుతుండగా మీటరు పెట్టి 14 వచ్చిందని సంబరపడకండి. అది ఆల్టర్నేటర్ చెప్పే అంకె, బ్యాటరీది కాదు.

సీసం బ్యాటరీని కనిపెట్టింది ఫ్రాన్సు దేశపు గాస్టన్ ప్లాంటే, 1859లో. కార్లు అప్పటికింకా పుట్టలేదు. 1881లో కమీయ్ ఫోర్ సీసపు జల్లెడకు ఆక్సైడ్ ముద్ద పట్టించి ప్లేట్లు చేసే పద్ధతి తెచ్చాక అది కర్మాగారాల్లో తయారయ్యే సరుకైంది. కారు బానెట్ కింద దానికి స్థిరమైన చోటు ఇచ్చినవాడు అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్. ఆయన రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టరు 1912 కాడిలాక్‌లో వచ్చింది. అంతకుముందు హ్యాండిలు వేసి తిప్పేవారు, అది వెనక్కి తన్ని చేతులు విరిగేవి. నూరేళ్లు దాటినా సెల్ఫ్ కొట్టే పనిలో సీసాన్ని పూర్తిగా ఎవరూ దించలేకపోయారు. చవక, మొండి, పాతబడితే కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. బరువొక్కటే దాని తప్పు.

సీసంలోనే రకాలున్నాయి. పైన ఆరు మూతలు కనిపిస్తే అది డిస్టిల్డ్ వాటర్ పోసుకునే రకం. ప్లేట్ల సీసం గట్టిగా ఉండటానికి యాంటిమొనీ కలిపేవారు. ఆ యాంటిమొనీ మెల్లగా కరిగి నెగటివ్ ప్లేటు మీదికి చేరి, ఛార్జి అవుతున్నప్పుడు నీరు విడిపోయి హైడ్రోజన్‌గా ఎగిరిపోవడానికి దోహదం చేస్తుంది. నీళ్లు తగ్గేది అందుకే. యాంటిమొనీ బదులు కాల్షియం కలపడం మొదలుపెట్టాక నీరు పోవడం బాగా తగ్గింది, మూతలు పోయాయి, ‘మెయింటెనెన్స్ ఫ్రీ’ అన్న ముద్ర వచ్చింది. మూతలున్న రకంలో కుళాయి నీళ్లు పొయ్యకూడదు, అందులోని ఇనుము, క్లోరైడు ప్లేట్లను తినేస్తాయి. బీడీ వెలిగించుకుని మూత తీసి లోపలికి తొంగి చూసే మెకానిక్కులు మనకు కొత్త కాదు. లోపలి నుంచి వచ్చేది హైడ్రోజన్ అని వారికి ఎవరైనా చెబితే బాగుండు.

మూతల్లేని బ్యాటరీ మీద చిన్న గాజు కన్ను ఉంటుంది, మ్యాజిక్ ఐ అంటారు. లోపల చిన్న ఆకుపచ్చ గోళీ. యాసిడ్ చిక్కగా ఉంటే తేలి ఆకుపచ్చగా కనబడుతుంది, ఛార్జి దిగిపోయి యాసిడ్ పలచబడితే మునిగిపోయి నల్లగా కనబడుతుంది, నీటి మట్టమే పడిపోతే తెల్లగా కనబడుతుంది. చక్కటి ఏర్పాటే, కానీ ఆ కన్ను చూసేది ఆరు సెల్స్‌లో ఒక్కదాన్నే. మిగతా ఐదింటిలో ఒకటి చచ్చినా పైన పచ్చగానే ఉంటుంది. దాన్ని నమ్ముకుని ‘బ్యాటరీ బాగానే ఉంది, సెల్ఫ్ మోటారే పోయింది’ అని తేల్చేసి అనవసరపు రిపేరు చేయించుకున్నవాళ్లు తక్కువేం కాదు.

సిగ్నల్ దగ్గర తనంతట తానే ఇంజన్ ఆపి, క్లచ్ తొక్కగానే మళ్లీ స్టార్టయ్యే కార్లు వచ్చాక మామూలు సీసం బ్యాటరీకి పని పెరిగింది. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి పోయేసరికి ఎన్నిసార్లు ఆగి ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టుకుంటుందో ఊహించుకోండి. అలాంటి కార్ల కోసం రెండు రకాలు వచ్చాయి. ఒకటి ఈఎఫ్‌బీ. మామూలుదాని మాదిరే లోపల ద్రవం ఉంటుంది, ప్లేట్లకు మాత్రం అదనపు దన్ను ఇచ్చి చేస్తారు. రెండోది ఏజీఎం. ఇందులో యాసిడ్ స్వేచ్ఛగా ఉండదు, ప్లేట్ల మధ్య బిగించిన గాజునార చాపలు దాన్ని పీల్చుకుని పట్టుకుంటాయి. కారదు, కుదుపులకు తట్టుకుంటుంది, అందుకే కొన్ని జర్మన్ కార్లలో డిక్కీలోనో సీటు కిందో పెడతారు. వీటిని మీటరుతో వేరు చేయాలనుకోవద్దు. ఏజీఎం నిండుగా ఉంటే 12.8 దాకా చూపిస్తుంది నిజమే, కానీ కొత్త కాల్షియం బ్యాటరీ కూడా దాని దరిదాపుల్లోకి వస్తుంది. ఇక్కడ లేబులే దిక్కు. ఏజీఎం అనో వీఆర్‌ఎల్‌ఏ అనో ఈఎఫ్‌బీ అనో రాసి ఉంటుంది. కారు వైపు నుంచి ఇంకో ఆనవాలు, మైనస్ పిన్ క్లాంపుకు అతుక్కుని ఉన్న చిన్న సెన్సరు డబ్బా. అది ఉందంటే కారు బ్యాటరీ ఆరోగ్యాన్ని లెక్కగడుతోందని అర్థం. అలాంటి దానిలో రెండు వేలు కలిసొస్తాయని మామూలు బ్యాటరీ వేయించుకుంటే, ఆ రెండు వేలు త్వరలోనే వడ్డీతో పోతాయి.

ఇక లేబులు చదవడం. మన చిన్న పెట్రోలు కార్లలో తరచూ కనిపించే అక్షరాలు 38బీ20ఎల్. ఇది జపాన్ ప్రమాణాల సంస్థ పెట్టిన పేరు. చివర్నుంచి చదివితే తేలిక. ‘ఎల్’ అంటే ప్లస్ పిన్ ఎటుందో చెప్పేది. ప్లస్ పిన్ ఉన్న పొట్టి పక్కన నిలబడి చూస్తే అది ఎడమ చేతి వైపు వస్తే ఎల్, కుడి వైపు వస్తే ఆర్. తప్పుది తెస్తే కేబుల్ అందదు. అందేలా లాగి, తొందరలో తారుమారుగా బిగిస్తే ఆల్టర్నేటర్‌లో డయోడ్లు కాలిపోతాయి. ‘20’ పొడవు, సెంటీమీటర్లలో. ‘బీ’ వెడల్పుకూ ఎత్తుకూ కలిపి ఒక గుర్తు, వెడల్పు 13 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, ఎత్తు 20 చిల్లర. ఎల్ పక్కన ‘ఎస్’ కూడా ఉంటే పిన్నులు లావు రకం.

మొదట్లో ఉన్న 38 దగ్గర చాలామంది బోల్తా పడతారు. అది ఆంపియర్ అవర్లు కాదు, బ్యాటరీ సత్తాకు జపాన్‌వాళ్లు ఇచ్చిన ర్యాంకు. మరి ఆంపియర్ అవర్లెన్ని? మన షాపులో అడిగితే 35 అంటారు. జపాన్ పాత కేటలాగు తీస్తే 28 అని ఉంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మన లెక్క ఇరవై గంటల్లో మెల్లగా ఖాళీ చేస్తే వచ్చేది, 1.75 ఆంపియర్ల చొప్పున. జపాన్ లెక్క ఐదు గంటల్లో ఖాళీ చేస్తే వచ్చేది. తొందరపెట్టి తోడితే సీసం బ్యాటరీ తక్కువ ఇస్తుంది, ఎందుకంటే యాసిడ్ ప్లేట్ల రంధ్రాల్లోకి ఇంకే వేగానికి హద్దు ఉంది. ఈ నష్టానికి సూత్రం రాసింది జర్మనీకి చెందిన పాయికర్ట్, 1897లో. రెండు బ్యాటరీల ఆంపియర్ అవర్లు పోల్చేటప్పుడు ఎన్ని గంటల లెక్కో చూడకపోతే ఆ పోలికకు అర్థం లేదు.

యూరప్ తరహా పెట్టెలు వేరు. జపాన్ రకంలో పిన్నులు మూత మీదికి పొడుచుకుని ఉంటాయి, యూరప్ రకంలో మూతలోకి దిగి పైకప్పుతో సమంగా ఉంటాయి. దూరం నుంచే పోల్చుకోవచ్చు. మన షాపుల్లో డిన్44, డిన్60, డిన్74 అంటారు, అక్కడి అంకె నిజంగానే ఆంపియర్ అవర్లకు సంబంధించింది. కొన్నింటిపై తొమ్మిదంకెల సంఖ్య ఉంటుంది. ఉదాహరణకు 560 408 054. మొదటి 5 అంటే పన్నెండు వోల్టులు, వంద ఆంపియర్ అవర్ల లోపు. తర్వాతి 60 ఆంపియర్ అవర్లు. చివరి 054ను పదితో హెచ్చిస్తే 540, అది చలిలో సెల్ఫ్ కొట్టే కరెంటు. జపాన్‌లో ఇంజన్ ఆగి స్టార్టయ్యే కార్లకు మళ్లీ వేరే వరస: ఎం-42, ఎన్-55, క్యూ-85, ఎస్-95. వాటిలో అక్షరం పెట్టె కొలతకు గుర్తు.

చలిలో సెల్ఫ్ అన్నానుగా, దాన్ని సీసీఏ అంటారు. మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర ముప్పై సెకన్లు ఎంత కరెంటు ఇవ్వగలదో పరీక్షించి చెప్పే అంకె. లంబసింగిలో చలి వణికించినా సున్నా దగ్గరే ఆగుతుంది. కాబట్టి సీసీఏ అంకె పెద్దదని ఎక్కువ డబ్బు పెట్టడం తెలుగు నేలమీద తెలివైన పని కాదని నా అభిప్రాయం. మన బ్యాటరీలను చంపేది ఎండ. రెంటచింతల, రామగుండం వేసవిలో బానెట్ కింద వేడికి పాజిటివ్ ప్లేటు జల్లెడ తుప్పు వేగం పెరుగుతుంది, నీరు ఆవిరవుతుంది. అక్కడ చచ్చినదాని చావు కబురు మాత్రం చాలాసార్లు తొలకరి తర్వాతో చలికాలంలోనో తెలుస్తుంది. వేడి చేసిన పాడును చల్లదనం బయటపెడుతుంది.

బండిని లాగే బ్యాటరీల వైపు వస్తే, మొదట సీసమే. 2001లో బెంగళూరు నుంచి వచ్చిన రేవా కారులో ఆరు వోల్టుల సీసం బ్యాటరీలు ఎనిమిది ఉండేవి, మొత్తం 48 వోల్టులు. చిన్న బండి కనుక సరిపోయింది. ఇవాళ్టి నలభై కిలోవాట్ అవర్ల కారును సీసంతో నడపాలంటే, కిలోకు 35 వాట్ అవర్ల చొప్పున, బ్యాటరీయే టన్ను దాటుతుంది. లిథియంతో మూడొందల కిలోల చుట్టుపక్కల తేలిపోతుంది.

హైబ్రిడ్ కార్లలో నికెల్ మెటల్ హైడ్రైడ్ ఇంకా బతికే ఉంది. 1997 నాటి తొలి టొయోటా ప్రియస్‌తో అది రోడ్డెక్కింది. రెండో తరం ప్రియస్ ప్యాకు వోల్టేజీ 201.6. సెల్స్ 168. భాగిస్తే కచ్చితంగా 1.2, నికెల్ అంకె. మన ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌లోనూ ఇదే రసాయనం. అదే టొయోటా అమ్మే హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో మాత్రం లిథియం. కంపెనీ పేరు చూసి రసాయనం చెప్పబోతే ఇలా దెబ్బతింటాం.

లిథియంలో మనకు ముఖ్యంగా తెలియాల్సినవి రెండు. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ ఉన్న ఎన్‌ఎంసీ, ఇనుము, ఫాస్ఫేట్ ఉన్న ఎల్‌ఎఫ్‌పీ. రెండోది టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ బృందంలో పుట్టింది. 1997 నాటి ఆ పరిశోధన పత్రంలో అక్షయ పాఢి, నంజుండస్వామి పేర్లున్నాయి. గుడెనఫ్‌కు 2019లో, తొంభై ఏడేళ్ల వయసులో, మరో ఇద్దరితో కలిసి నోబెల్ వచ్చింది. ఎల్‌ఎఫ్‌పీలో ఆక్సిజన్‌ను ఫాస్ఫరస్ గట్టిగా పట్టుకుని ఉంటుంది, కాబట్టి వేడెక్కినా ఆక్సిజన్ తేలిగ్గా విడుదల కాదు, మంట అంత సులువుగా అంటుకోదు. కోబాల్ట్ అక్కర్లేదు, చవక. ఎన్‌ఎంసీ అదే బరువులో ఎక్కువ దూరం తీసుకెళ్తుంది.

భాగహారం ఇక్కడా పనిచేస్తుంది. 2019లో మన దేశానికి వచ్చిన హ్యుందాయ్ కోనా ఎలక్ట్రిక్ ప్యాకు 327 వోల్టులు, వరసలో సెల్స్ తొంభై. ఒక్కోటి 3.63. ఎన్‌ఎంసీ అని వేరే చెప్పక్కర్లేదు. టాటా నెక్సాన్ ఈవీ, బీవైడీ అట్టో 3 ఎల్‌ఎఫ్‌పీ కార్లు. కానీ ఈ అంకెలు కేటలాగులోనో సర్వీసు పుస్తకంలోనో వెతకాలి తప్ప మీటరు తీసుకుని కారు కిందికి దూరకూడదు. నారింజ రంగు కేబుల్ కనిపించిన చోట చెయ్యి ఆపెయ్యాలి. అందులో మనిషిని చంపేంత వోల్టేజీ ఉంటుంది, సొంతగా విప్పడానికి లేదు.

అంకెలు దొరక్కపోతే కారు స్వభావమే రసాయనాన్ని బయటపెడుతుంది. ఎన్‌ఎంసీ సెల్ 20 శాతం నుంచి 80 శాతానికి ఎక్కేసరికి వోల్టేజీ సుమారు అర వోల్టు పెరుగుతుంది. దాన్ని చూసి ఎంత ఛార్జి ఉందో కారు ఇట్టే లెక్కగడుతుంది. ఎల్‌ఎఫ్‌పీ సెల్ అదే ప్రయాణంలో వోల్టులో పదో వంతు కూడా కదలదు. మధ్యలో ఎక్కడున్నామో కారుకు సరిగా అంతుబట్టదు, పూర్తిగా నిండినప్పుడే దానికి గుర్తు చిక్కుతుంది. అందుకే టెస్లా తన ఎల్‌ఎఫ్‌పీ కార్లకు వారానికోసారైనా వంద శాతం నింపమని చెబుతుంది, మిగతా రకాలకు రోజువారీ వాడకంలో 80 శాతం దగ్గర ఆపమంటుంది. మీ కారు పుస్తకం ‘అప్పుడప్పుడు వందకు చేర్చండి’ అని గట్టిగా చెబుతుంటే లోపల ఎల్‌ఎఫ్‌పీ ఉండే అవకాశం ఎక్కువ. మోడల్ పేరు మాత్రం ఆధారం కాదు. టెస్లా మోడల్ 3లో, ఫోర్డ్ మస్టాంగ్ మాక్-ఈలో ఒకే పేరుతో, వేరియంటును బట్టి రెండు రసాయనాలూ అమ్మారు. అమెరికాలో పాత కారు కొనే మనవాళ్లు టెస్లా తెర మీద వాహన వివరాల్లోకి వెళ్లి చూస్తే హై వోల్టేజీ బ్యాటరీ రకం రాసి ఉంటుంది.

సీసం నుంచి లిథియంకు జరుగుతున్న ఈ మార్పు మన ఊళ్లలోనూ కనిపిస్తోంది. 1985లో గల్లా రామచంద్రనాయుడు స్థాపించి, తిరుపతి పక్కన కరకంబాడిలో సీసం బ్యాటరీలతో ఎదిగిన అమరరాజా సంస్థ, లిథియం సెల్స్ కర్మాగారానికి మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 2023లో శంకుస్థాపన చేసింది. హైదరాబాదు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఎల్‌ఎఫ్‌పీ పొడిని దేశంలోనే చేసే పద్ధతి మీద పనిచేశారు.

పాత సీసం బ్యాటరీని తూకానికి అమ్మేయకండి. ఊరి చివర షెడ్డులో దాన్ని పగలగొట్టి కరిగిస్తే యాసిడ్ నేలలోకి, సీసపు పొగ పిల్లల రక్తంలోకి పోతుంది. కొత్తది కొన్న షాపులోనే ఇస్తే ధరలో తగ్గిస్తారు. మన దేశంలో 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే.

యూరప్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి ప్రతి ఎలక్ట్రిక్ కారు బ్యాటరీకీ క్యూఆర్ కోడ్‌తో డిజిటల్ పాస్‌పోర్టు ఉండాలి. లోపలి రసాయనం ఏమిటో అందులో ఉంటుంది. అక్కడిదాకా ఆగాల్సిన పని మీకు లేదు. ఎలక్ట్రిక్ కారో హైబ్రిడ్డో కొనేటప్పుడు షోరూములో రంగు, సీటు కవర్ల బేరం తర్వాత పెట్టుకోండి. ముందు బ్యాటరీ రసాయనం, ప్యాకు వోల్టేజీ, వారంటీ కాలం కాగితం మీద రాయించుకోండి. ‘లిథియం అయాన్’ అని మాత్రమే రాసిస్తే తిరిగిచ్చేసి, ఏ లిథియం అని అడగండి.